బంతి గీత దాటెనా?

రేడియోలో ఫుట్‌బాలు ఆట వినువారికి ఒక క్షణము బాగుగా పరిచితము. వ్యాఖ్యాత కంఠము క్రమముగా హెచ్చును, జనఘోష మిన్నుముట్టును, "గోలు!" అని వ్యాఖ్యాత కేకవేయును. అంతలోనే, "ఆగుడు, రిఫరీ ఏమో సైగ చేయుచున్నాడు" అని తడబడును. ఆ తడబాటును మా వృత్తిలో లోపముగా ఎంచుట కద్దు. కాని అది ఆటతోబాటు పుట్టిన చిక్కు. మైదానములో జరిగినది ఒకటి, జరిగినదని తీర్పరి పలికినది ఇంకొకటి కావచ్చును. లెక్కకెక్కునది రెండవదియే. ఈ రెండింటిని ఒక్కటి చేయుటకై నూటయేబది యేండ్లకు పైగా జరిగిన ప్రయత్నమునే నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

1863 అక్టోబరు 26న లండనులోని ఫ్రీమేసన్స్ టావర్న్ అను పానభోజనశాలలో కొన్ని క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషనును స్థాపించిరి. ఆ యేడు డిసెంబరులో వారు అంగీకరించిన 13 నిబంధనలలో రిఫరీ ప్రసక్తియే లేదు. ఆడువారందరు పెద్ద పాఠశాలలలో చదివిన పెద్దమనుష్యులు. తగవు వచ్చినచో ఉభయ నాయకులు మాటలాడుకొని తీర్చుకొందురని నమ్మకము. ఆ నమ్మకము ఎక్కువ కాలము నిలువలేదు. పందెములు పెరిగి, పోటీలు ముదిరిన కొలది, ఒక్కొక్క పక్షము తన వంతుకు ఒక అంపైరును తెచ్చుకొన నారంభించినది. ఎవరి అంపైరు వారి వైపే చూచుట లోకసహజము గదా! ఇరువురికి పొసగనపుడు మైదానము వెలుపల కూర్చున్న మూడవ మనిషికి ఆ వివాదమును నివేదించువారు. రిఫరీ అను ఆంగ్లపదమునకు అర్థమదియే: వివాదము ఎవరికి నివేదింపబడునో అతడు. ఆనాటి రిఫరీ పరుగెత్తువాడు కాడు, అడిగినపుడు చెప్పువాడు.

1891లో అతడు మైదానము లోనికి వచ్చెను. అంపైర్లు ఇద్దరును గీతల వెంటకు పోయి లైన్స్‌మన్లు అయిరి. అదే యేట పెనాల్టీ కిక్కు నిబంధన కూడ వచ్చినది. పెద్దమనుష్యులు బుద్ధిపూర్వకముగా తప్పు చేయుదురను భావమే తమకు అవమానమని కొందరు ఆటగాండ్రు చిన్నబుచ్చుకొనిరట. ఆ కాలముననే గోలు స్తంభముల వెనుక వల కట్టుట ఆచారమైనది. బంతి స్తంభముల నడుమ నుండి పోయెనా, ప్రక్కనుండి పోయెనా అను తగవులకు విసిగి, లివర్‌పూలు నగరపు ఇంజనీరు జాన్ అలెగ్జాండర్ బ్రోడీ ఆ వలను కనిపెట్టి పేటెంటు పొందెను. ఈ బ్రోడీయే 1912లో ల్యూటెన్స్ మున్నగువారితో కలిసి మన కొత్త ఢిల్లీకి స్థలము చూచి పథకము గీచిన సంఘములో సభ్యుడు. రాజధాని నగరపు వీధులకు ఆలోచన చెప్పినవాడే బంతికి వల పన్నినాడన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. తీర్పరి కంటికి సాయముగా ఆటలోనికి వచ్చిన మొదటి యంత్రము ఆ వలయే యని మా అభిప్రాయము.

అయితే వల చెప్పగలిగినది వలలో పడిన బంతిని గూర్చియే. అడ్డుకర్రకు తగిలి నేలకు కొట్టుకొని వెనుకకు వచ్చిన బంతిని గూర్చి వల ఏమి చెప్పును?

1966 జూలై 30న లండనులోని వెంబ్లీ మైదానములో ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ జట్లు ప్రపంచకప్పు తుది పోటీ ఆడినవి. నిర్ణీత సమయము ముగియబోవు వేళ జర్మనీ ఆటగాడు వేబర్ గోలుచేసి లెక్కను 2-2గా సమము చేసెను. అదనపు సమయములో, ఆట 101వ నిమిషమున, ఇంగ్లండు ఆటగాడు జెఫ్ హర్స్ట్ వెనుకకు మరలుచు బలముగా బంతిని తన్నెను. అది అడ్డుకర్ర క్రింది అంచునకు తగిలి, నిట్టనిలువుగా గీత దగ్గర పడి, పైకి లేచినది. వేబర్ దానిని తలతో కొట్టి అవతలకు పంపివేసెను. గోలు ముంగిటనే నిలిచియున్న ఇంగ్లండు ఆటగాడు రోజర్ హంట్ బంతిని లోనికి నెట్టుటకు పోక, చేయి పైకెత్తి సంతోషముతో తిరిగెను. అది గోలేయని అతని నమ్మకము. కాదని జర్మనుల కేకలు.

రిఫరీ గాట్‌ఫ్రీడ్ డీన్‌స్ట్ స్విట్జర్లండు దేశస్థుడు. తాను నిలిచిన చోటినుండి అతనికి ఆ సంగతి తేలలేదు. పరుగున గీత దగ్గరకు పోయి లైన్స్‌మన్ టోఫిక్ బహ్రామోవ్‌ను అడిగెను. ఆంగ్లేయులు ఇప్పటికిని "రష్యా లైన్స్‌మన్" అని వ్యవహరించు ఆ మనిషి నిజమునకు అజర్‌బైజాను వాడు. ఇరువురకు ఉమ్మడి భాష అంతంత మాత్రము. లక్షమందికి దగ్గరగానున్న జనము ఊపిరి బిగబట్టి చూచుచుండగా కొన్ని క్షణములు సైగలతో, పొడిమాటలతో సంభాషణ జరిగెను. బహ్రామోవ్ తల యూపెను. గోలు! ఆట చివర హర్స్ట్ ఇంకొక గోలు చేయగా ఇంగ్లండు 4-2తో కప్పు గెలిచినది.

మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. ఆనాడు రిఫరీకి ప్రత్యక్షము లేకపోయినది. ఆప్తుని మాటయను శబ్దప్రమాణమును ఆశ్రయించెను. ఆ తరువాత ముప్పది యేండ్లకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇరువురు పాత చిత్రములను కంప్యూటరుతో కొలిచి, బంతి పూర్తిగా గీతను దాటలేదని తేల్చిరి. అనుమానప్రమాణము ఆ విధముగా వ్యతిరేకముగా పలికినది. కాని ఏమి లాభము? బంతి ఏ కొంచెమో గీతమీద నున్నను గోలు కాదు, బంతి మొత్తము దాటవలెననునది నిబంధన. ఆ "మొత్తము" అను ఒక్క మాటను బట్టి కప్పు ఎవరిదో మారిపోవును. జర్మను భాషలో నేటికిని ఇట్టి గోలును "వెంబ్లీ గోలు" అనియే పిలుతురు.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన చిన్న ముచ్చట యొకటి కలదు. టెలివిజను వారు ఆటను నెమ్మదిగా మరల చూపు పద్ధతి అప్పుడప్పుడే వ్యాపించుచుండెను. ఆటనిబంధనలను చేయు అంతర్జాతీయ సంఘము 1970లో సమావేశమై, రిఫరీ తీర్పునకు మచ్చ తెచ్చునట్టి నిదాన చిత్రములను చూపవద్దని టెలివిజను సంస్థలను కోర నిశ్చయించినది! తప్పు జరిగినదా లేదా యని విచారించుటకు మారు, తప్పును చూపువారిని వారించుట! ప్రసారకులము గనుక ఈ తీర్మానము మాకు కొంత నవ్వు తెప్పించిన మాట నిజము. అయినను వారి భయములో న్యాయము లేకపోలేదు. అప్పటినుండి ఇంటిలో కూర్చున్న చూపరికి కనబడినది మైదానములోని తీర్పరికి కనబడకుండుట ఆరంభమైనది. లోకమంతయు ఎరిగిన సంగతిని ఎరుగనివాడు ఒక్కడే. తీర్పు చెప్పవలసినవాడును అతడే.

ఈ వైపరీత్యము పరాకాష్ఠ నందుకొన్నది 1986 జూన్ 22న మెక్సికో నగరములోని అజ్టెకా మైదానములో. అర్జెంటీనా, ఇంగ్లండుల నడుమ ఫాక్‌లాండు దీవుల యుద్ధము జరిగి నాలుగేండ్లే అయినది. ఆట 51వ నిమిషమున పొట్టివాడైన మారడోనా, తనకన్న ఎంతో ఎత్తయిన గోలుకీపరు పీటర్ షిల్టనుతో సమముగా ఎగిరి, ఎడమచేతితో బంతిని లోనికి కొట్టెను. ట్యునీసియా దేశపు రిఫరీ అలీ బెన్నాసర్ తన లైన్స్‌మను వైపు చూచెను. అక్కడనుండి ఆక్షేపణ లేదు. గోలు ఇచ్చివేసెను. నాలుగు నిమిషములకు మారడోనా సగము మైదానము దాటుకొని, ఎదురైన వారినందరిని తప్పించి చేసిన రెండవ గోలు ఆట చరిత్రలోనే అందమైనదని పేరుపొందినది. ఒకే మనిషి, ఒకే ఆటలో, నాలుగు నిమిషముల తేడాలో దొంగయు దొరయు అయినాడు. ఆనాటి బంతిని దాచుకొన్నది రిఫరీ బెన్నాసరే. 2022 నవంబరులో లండనులో వేలము వేయగా అది ఇరువది లక్షల పౌండ్లకు పోయినది. తప్పుడు తీర్పునకు ఇంత వెల పలుకుట మరెక్కడను వినలేదు!

అయినను నిబంధనల పెద్దలు కదలలేదు. వారి వాదము ఇది: పల్లెలో పిల్లలాడు ఆటకును ప్రపంచకప్పునకును ఒకే నిబంధన యుండవలెను, మాటిమాటికి ఆపినచో ఆట ప్రవాహము చెడును, తప్పుచేయుట మానవ సహజము. 2009 నవంబరు 18న పారిస్ నగరము చెంత ఫ్రాన్సు ఆటగాడు థియెరీ హెన్రీ చేతితో బంతిని ఆపి గోలుకు దారి చూపగా ఐర్లండు ప్రపంచకప్పునకు పోలేకపోయినది. తమను ముప్పదిమూడవ జట్టుగా చేర్చుకొనుడని ఐర్లండువారు వేడుకొనిరి, ఫలింపలేదు. అటుతరువాత ప్రపంచ ఫుట్‌బాలు సంస్థ వారికి ఏబది లక్షల యూరోలు ముట్టజెప్పినదని 2015లో బయటపడినది.

పెద్దల పట్టును విడిపించిన దినము 2010 జూన్ 27. ఆనాడు దక్షిణాఫ్రికాలో రెండు ఆటలు జరిగినవి. బ్లూమ్‌ఫాంటైనులో ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ తన్నిన బంతి అడ్డుకర్ర క్రిందికి తగిలి, గీతకు చాలా లోపల పడి, పైకి లేచి గోలుకీపరు చేతికి వచ్చెను. ఇంటివద్ద నున్న పిల్లవానికి సైతము అది కనబడినది. రిఫరీకి, లైన్స్‌మనుకు కనబడలేదు. ఎదుటి పక్షము ఏదనుకొనుచున్నారు? జర్మనీయే! నలువదినాలుగేండ్ల బాకీ తీరినదని జర్మనీలో నవ్వుకొనిరి. ఆ రాత్రియే జొహనెస్‌బర్గులో అర్జెంటీనా ఆటగాడు టెవెజ్ స్పష్టముగా ఆఫ్‌సైడులో నిలిచి మెక్సికోపై గోలు చేసెను. మైదానపు పెద్ద తెరమీద ఆ దృశ్యమును మరల చూపివేసిరి. మెక్సికో ఆటగాండ్రు తెరవైపు వ్రేళ్ళు చూపుచు మొరపెట్టుకొనిరి. రిఫరీ పోయి లైన్స్‌మనుతో మాటలాడెను. తెరను చూచి తీర్పు మార్చుటకు నిబంధన లేదు. తప్పని తెలిసియు గోలు ఇచ్చెను. ఆ రిఫరీ రాబర్టో రొజెట్టీ. ఆనాటి అతని ముఖమును చూచినవారికి జాలి కలుగకపోదు. రెండు దినములకు ప్రపంచ సంస్థాధ్యక్షుడు బ్లాటర్ ఇరుదేశములను క్షమాపణ కోరెను.

2012 జూలై 5న జూరిచ్‌లో గోలుగీత యంత్రములకు అనుమతి లభించినది. ఒక్కొక్క గోలుపై ఏడేసి కెమేరాలు కన్నువేసి, బంతి మొత్తము దాటిన మరుక్షణమున రిఫరీ చేతి గడియారమునకు సంకేతము పంపును. ఇంతకన్న వేరేమియు చేయదు. ఎవరిని సలహా అడుగదు. 2014లో బ్రెజిలులో ఫ్రాన్సు, హోండురాసుల నడుమ జరిగిన ఆటలో ప్రపంచకప్పున తొలిసారి ఈ యంత్రము గోలును తేల్చినది. అయితే ఆ యంత్రము లేనిచోట ఏమి జరుగునో అంతకు కొన్ని నెలల ముందే జర్మనీలో తెలిసినది. 2013 అక్టోబరులో హాఫెన్‌హైము మైదానములో కీస్‌లింగ్ తలతో కొట్టిన బంతి స్తంభమునకు వెలుపలగా పోయి, ప్రక్కవలలోని చిరుగుగుండా లోనికి దూరెను. రిఫరీ గోలని చెప్పెను. ఆటను మరల ఆడించుటకు క్రీడా న్యాయస్థానము ఒప్పుకొనలేదు. పాపము, బ్రోడీ ఇంజనీరు వలకు చిరుగు పడునని తలపలేదు.

గీత దాటుట లెక్కకు లొంగు విషయము. చేయి తగులుట, కాలు అడ్డుపెట్టుట అట్టివి కావు. వాటికి కావలసినది కొలత కాదు, విచక్షణ. హాలండువారు 2012 ప్రాంతమునుండి తమ లీగులో ఒక ప్రయోగము చేసిరి: వేరొక రిఫరీని తెరల ముందు కూర్చుండబెట్టి పరీక్షించుట. 2016లో ఈ ప్రయోగములకు అంతర్జాతీయముగా అనుమతి వచ్చినది. 2018 మార్చి 3న నిబంధనలలో చేరినది. ఆనాటి నిబంధన మేరకు వీడియో సహాయ రిఫరీ నాలుగింటిలోనే జోక్యము చేసికొనవలసియుండెను: గోలు, పెనాల్టీ, నేరుగా చూపు ఎర్రకార్డు, ఒకరికి మారుగా ఇంకొకరిని శిక్షించుట. అదియును తప్పు తేటతెల్లమైనపుడే. తుదిమాట మాత్రము మైదానములోని రిఫరీదియే. శ్రోతలు గమనింపుడు: 1891కి పూర్వము వెలుపల కూర్చుండి అడిగినపుడు చెప్పిన మనిషియే మరల వెలుపలికి పోయి కూర్చుండెను. ఒక్కటే తేడా, ఇపుడు అడుగకున్నను చెప్పును.

2018లో రష్యాలో జరిగిన ప్రపంచకప్పున ఆటలు ఎక్కడ జరిగినను ఈ రిఫరీలు మాస్కోలోని ఒక గదిలో కూర్చుండిరి. ఆ పోటీలలో ఇచ్చిన పెనాల్టీలు 29. అంతకుముందు నాలుగేండ్ల క్రిందట 13. కజానులో కొరియా ఆటగాడు చేసిన గోలును లైన్స్‌మను ఆఫ్‌సైడని జెండా యెత్తగా, బంతి జర్మనీ ఆటగాని కాలినుండి వచ్చినదని తెర చూపినది. గోలు నిలిచినది, అప్పటి జగజ్జేతయైన జర్మనీ ఇంటిదారి పట్టినది. తుదిపోటీలో క్రొయేషియా ఆటగాని చేతికి బంతి తగిలిన దృశ్యమును రిఫరీ పిటానా తెరపై చూచి, కదలి, మరల వెనుకకు వచ్చి చూచి, చివరకు పెనాల్టీ ఇచ్చెను. ఎన్నిసార్లు చూచినను ఆ చేయి తగిలించినదా, తగిలినదా యన్న ప్రశ్న తీరలేదు. తెర ప్రత్యక్షమును ఇచ్చును గాని, ఎదుటివాని మనస్సును చూపజాలదు.

ఇక యంత్రములు నమ్మించి వంచించిన ఘట్టములు రెండు. 2020 జూన్ 17న ఇంగ్లండులో, మహమ్మారి కారణముగా ప్రేక్షకులు లేని మైదానములో, ఆస్టన్ విల్లా గోలుకీపరు బంతిని పట్టుకొని గీత లోపలికి పోయెను. షెఫీల్డు ఆటగాండ్రు ఎలుగెత్తి అరచిరి. రిఫరీ తన గడియారమును చూపెను: అది మ్రోగలేదు. ఏడు కెమేరాలకును ఆటగాండ్రు, స్తంభము అడ్డము వచ్చిరని యంత్రమువారు తరువాత క్షమాపణ చెప్పిరి. ఆట 0-0గా ముగిసినది. ఆ ఋతువు చివర విల్లా ఒక్క పాయింటు తేడాతో పై తరగతిలో నిలువగా, బోర్న్‌మత్ జట్టు క్రింది తరగతికి దిగిపోయినది.

రెండవది మాట పొరపాటు. 2023 సెప్టెంబరు 30న టాటెనుహాము మైదానములో లివర్‌పూలు ఆటగాడు డియాజ్ చేసిన గోలును ఆఫ్‌సైడని కొట్టివేసిరి. వీడియో రిఫరీ గీతలు గీచి చూచి, ఆటగాడు సరియైన చోటనే యున్నాడని కనుగొనెను. కన్ను పొరపడలేదు, యంత్రమును పొరపడలేదు. కాని మైదానములో ఇచ్చిన తీర్పు "గోలు" అని అతడు భ్రమపడియుండెను. కావున, చూచుట ముగిసినది, ఇచ్చిన తీర్పు సరియే యను అర్థము వచ్చునట్లు రెండు మాటలు పలికెను. మైదానములోని రిఫరీ దానిని గోలు లేదనియే గ్రహించి ఆటను సాగించెను. కొన్ని క్షణములకు గదిలోనివారు నాలుక కరచుకొనిరి. ఆట మరల మొదలైన పిమ్మట ఆపుటకు నిబంధన ఒప్పదు. ఆనాడు లివర్‌పూలు 2-1తో ఓడినది. కొన్ని దినములకు ఆ గదిలోని సంభాషణను బహిరంగముగా వినిపించిరి. మేము దానిని విన్నాము. మైకు ముందు బ్రదుకువారికి అది మిక్కిలి భయంకరమైన ధ్వనిముద్రణ. ఒక్క మాట పూర్తిగా పలికియుండిన, "గోలు ఇవ్వుడు" అని యనియుండిన, సరిపోయెడిది.

ఇట్టివాటిని చూచి స్వీడను దేశపు క్లబ్బుల సభ్యులు తమ లీగునకు వీడియో సమీక్ష వలదని తీర్మానించుకొనిరి. అక్కడ క్లబ్బులలో సభ్యులదే అధికారము గనుక ఆ మాట చెల్లినది. నార్వేలో ప్రేక్షకులు 2024లో మైదానముపై చేపవడలు విసరి ఆటనే నిలిపివేయించిరి. అయినను 2025 మార్చిలో వారి సమాఖ్య వీడియోను ఉంచుటకే ఓటు వేసినది. మన దేశములో 2023 మార్చి 3న బెంగుళూరులో ఛెత్రీ త్వరపడి కొట్టిన ఫ్రీకిక్కు గోలుకాగా, కేరళ జట్టు ఆట విడిచి వెడలిపోయి, నాలుగు కోట్ల రూపాయల జరిమానాకు గురియైనది. మన లీగులో అప్పటికి వీడియో లేదు. ఉండవలెనని ఎందరో వాదించిరి గాని, ఫ్రీకిక్కును త్వరగా కొట్టుటకు రిఫరీ అనుమతించెనా లేదా యను తగవు ఆ నాలుగింటి క్రిందికి తేలికగా వచ్చునది కాదు.

2023 జూలై 20న న్యూజిలండు దేశపు ఆక్లండు నగరములో మహిళల ప్రపంచకప్పు ప్రారంభమైనది. ఆట చివరి ఘడియలలో జపాను దేశపు రిఫరీ యమషిటా యోషిమి తెర దగ్గరకు పోయి చూచి, తిరిగి వచ్చి, తన మైకునుండి మైదానమంతట వినబడునట్లు తీర్పును, దాని కారణమును నోట పలికెను: నార్వే క్రీడాకారిణి చేతికి బంతి తగిలినది, న్యూజిలండునకు పెనాల్టీ. ప్రపంచకప్పు చరిత్రలో రిఫరీ కంఠము ఆ విధముగా వినబడుట అదే మొదలు. రేడియోలో ఆ ఆట వినుచున్నవారు కూడ ఆనాడు తీర్పును తీర్పరి నోటనే వినగలిగిరి. అటుతరువాత పర్సివల్ అను క్రీడాకారిణి ముందుకు వచ్చి పెనాల్టీ కొట్టెను. బంతి అడ్డుకర్రకు తగిలి పైకి పోయినది.